చాటెడు తవుడు

ఆర్మూర్,
8 జనవరి 1989.

చెల్లె మంగవ్వకు,

అన్న కాశీరాం రాస్తున్నాను. ఒకరి క్షేమం ఒకరం అడగడం ఎప్పుడో మానేశాం కనుక నేరుగా సంగతికే వస్తాను.

గంగమణికి ఎనిమిదో నెల పడిందని నాకు ఎవరు చెప్పారో తెలుసా? దేవిదాస్. పసుపు బేరానికి మీ దొంకేశ్వర్ వచ్చి, నీ అరుగు మీద కూర్చుని చాయ తాగి, నా బిడ్డను కళ్లారా చూసి, తిరిగొచ్చి అంగట్లో నలుగురి ముందు నన్ను కేకేశాడు. "పెంటన్నా, మల్ల తాతవైతున్నవట గదా, దావత్ ఎప్పుడు?" అన్నాడు. ముప్పయ్యేళ్లు అడ్తి దుకాణంలో గుమాస్తాగా తలెత్తుకుని బతికాను. ఈ వయసులో సొంత కూతురి కడుపు సంగతి అలాంటివాడి నోటి నుంచి వినాల్సి వచ్చింది. ఆమె నీ కోడలు కావడానికి ముందు నా కూతురు. మేనరికమని, నా చెల్లెలి ఇల్లని నమ్మి నీ కొడుకు హన్మాండ్లుకు ఇచ్చాను.

నా మనవరాలు ఇందుప్రభ పోయి ఏడాదిన్నర దాటింది. ఆనాటి నుంచి గంగమణి నా గడప తొక్కలేదు, నాకొక ముక్క రాయలేదు. పిల్లకు జ్వరం నా ఇంట్లోనే వచ్చింది, నిజమే. దోమలు ఆర్మూర్‌లోనే ఉంటాయా? మెదడువాపు ఆ ఏడు జిల్లాలో ఎన్ని ఇళ్లలో పిల్లల్ని తీసుకుపోయిందో పేపర్లో రాశారు. నీకు చదవడం నేర్పింది నేనే, దెబ్బలు తిని మరీ నేర్పాను. ఆ చదువు నువ్వు పంచాంగం చూడడానికి తప్ప వాడలేదు.

ఈసారి కాన్పు ఇక్కడే జరగాలి. బస్టాండు దగ్గర దవాఖానలో డాక్టరమ్మతో మాట్లాడాను. ఉయ్యాల పట్టెలు వదులైతే వడ్రంగి ముత్తెన్నతో బిగించి రంగు వేయించాను. నెలాఖరులోగా గంగమణిని పంపు. జవాబు రాయి. మనుషుల చేత మాటలు పంపకు, మధ్యలో మారిపోతాయి.

కాశీరాం

దొంకేశ్వర్,
15 జనవరి 1989.

అన్నకు మంగవ్వ దండం పెట్టి రాసేది.

గంగమణిని పంపుతలేను. గుస్స చెయ్యకు, సాంతం చదువు. నువ్వు సగం చదివి కాయితం ఇసిరేస్తవని నాకెరుకే.

ఈడ పసుపు తవ్వుడు షురువైంది. కూలోళ్లు దొరుకుతలేరు. హన్మాండ్లు పొద్దుగాల పోతె పొద్దుమీకినంక వస్తుండు. నా మోకాళ్లు పనిజేస్తలేవు. గంగమణి మాత్రం ఎంత చెప్పినా కూసోదు, పసుపు ఉడుకవెట్టే కడాయి కాడనే ఉంటది.

అన్నా, ఉయ్యాలకు రంగెందుకు ఏపిచ్చినవు? పిల్ల పోయిన ఇంట్ల మల్ల పిల్ల పుట్టేదాక గుడ్డపేలిక సుత కొనరని నీకు తెల్వదా? గంగమణి కడుపు మీద చెయ్యి ఏసుకోదు. ఎన్నో నెలనే అని అడిగితె మొకం తిప్పుకుంటది. లోపల పిల్ల కదిలితె పనిల పడ్డట్టు చేస్తది. నీకు చెప్పొద్దన్నది గందుకే. దేవిదాసు కండ్లల్ల పడ్డది, నేనేం చెయ్యాలె.

దవాఖాన అద్దు అంటున్నది గంగమణి. మా ఊరి నర్సమ్మ చెయ్యి మంచిది, ఆమెను పిలుస్తం. పుట్టినంక మనల కన్న అవ్వ నీకు చేసిన తీర్గనే చేస్తం. పిల్లను చాటల పండవెట్టి ఇంటెనుక పెంటకుప్ప మీద పెడ్తం. ఒకలు చాటెడు తవుడు పోసి కొనుక్కుంటరు. కొన్నోళ్లే పేరు పెడ్తరు. అటెన్క సాది పెద్దజెయ్యుమని గంగమణి చేతికి ఇస్తరు. పిల్ల పరాయోళ్లది, మనం సాదుతున్నం, గంతే. పక్కింటి పోచవ్వను అడుగుదమనుకుంటున్న. ఆమెకు పుట్టినోళ్లందరు బతికిండ్రు.

మన అవ్వకు నీకంటె ముందు ముగ్గురు పోయిరి గదా. నువ్వు బతుకలేదా?

జర ఏళకు తిను.

నీ చెల్లె
మంగవ్వ

ఆర్మూర్,
23 జనవరి 1989.

మంగవ్వకు,

సాంతం చదివాను. రెండోసారి కూడా చదివాను, నా కళ్లు మోసం చేశాయేమోనని.

నేను బతకలేదా అని అడిగావు. బతికాను. పెంటయ్య అనే పేరుతో బతికాను. ఉర్దూ బడిలో పిల్లలు ముక్కు మూసుకుని నా పక్కన కూర్చునేవాళ్లు. మౌల్వీ సాబు జాలిపడి కాశీరాం అని రాసుకున్నాడు. ఆ పేరు కోసం ఊరందరితో కొట్లాడాను, అయినా దేవిదాస్ లాంటివాళ్లు యాభై ఏళ్లుగా వదల్లేదు. నువ్వు నా తర్వాత పుట్టావు. అప్పటికి భయం తీరిపోయింది కనుక నీకు మంగవ్వ అని చక్కటి పేరు పెట్టి, ఊయలలో వేసి పాట పాడారు. పెంటకుప్ప గురించి నీకు ఏం తెలుసు?

అవ్వ సంగతి నువ్వే ఎత్తావు కనుక చెబుతాను. నన్ను కొన్నది పక్కింటి వెంకవ్వ. ఆ రోజు నుంచి అవ్వ నన్ను ఒక్కసారి కూడా కొడుకా అని పిలవలేదు. "వెంకవ్వ కొడుకు బువ్వ తిన్నడా?" "వెంకవ్వ కొడుక్కు చెప్పుండ్రి, వాన వస్తున్నది." అదీ పిలుపు. నేను పక్కనే నిలబడి ఉండేవాణ్ణి. నిన్ను మాత్రం బిడ్డా, నా బిడ్డా అని రోజంతా నోటినిండా పిలిచేది. ఆమె పోయే రోజు నీ చెయ్యి పట్టుకుని ఏమన్నదో గుర్తుందా? "బిడ్డా, వెంకవ్వ కొడుకు వచ్చిండా?" మంచం కాళ్ల వైపు నిలబడింది నేనే. బయటికి నడిచాను. చితికి నిప్పు పెట్టడానికి మాత్రం వచ్చాను, అది కూడా జనం కోసం.

నా మనవరాలినో మనవణ్ణో పెంట మీద పెట్టడానికి నేను ఒప్పుకోను. గోనెసంచుల కోసం హన్మాండ్లు ఈ రోజు వచ్చాడు. అతని చేతికి ఒక సంచి ఇచ్చి పంపుతున్నాను. అందులో ఎర్ర ఉన్ని టోపీ, రెండు మల్లుగుడ్డ అంగీలు, చిన్న దుప్పటి ఉన్నాయి. అన్నీ కొత్తవి. పుట్టే పిల్లకు బట్టలు కొనడం తప్పయితే ఆ తప్పు నాది. గంగమణి చేతికే ఇవ్వు. తండ్రి పంపాడని చెప్పు.

నేను రోజూ పోయే లైబ్రరీలో పేపర్లు మళ్లీ మాయమవుతున్నాయి. ఎవరు తీసుకుపోతున్నారో నాకు తెలుసు, వాడి పేరు రాస్తే ఈ కాగితం మైలపడుతుంది.

కాశీరాం

దొంకేశ్వర్,
6 ఫిబ్రవరి 1989.

అన్నకు,

ఎట్ల రాయాల్నో తెలుస్తలేదు. రెండుమాట్ల రాసి చింపేసిన.

హన్మాండ్లు నీ సంచి తెచ్చి గంగమణి చేతికే ఇచ్చిండు. అప్పుడు పసుపు ఉడుకుతున్నది, ఆమె కడాయి కాడ నిలవడ్డది. సంచి ఇప్పి చూసింది. టోపి చేతిల పట్టుకొని శానసేపు నిలవడ్డది. అటెన్క ఒక్కొక్కటి తీసి కడాయి కింద పొయ్యిల ఏసింది. టోపి, అంగీలు, దుప్పటి, ఆఖరుకు సంచి. ఏడ్వలే. ఆవిరి మొకానికి కొడ్తుంటె గట్లనే నిలవడి కట్టెలు ముందుకు నూకింది. నేను చెయ్యి పట్టుకోబోయిన. "ఊకో అత్తా. ఇంట్ల ఉంటె చూసుకుంట. చూసుకుంటె పిల్ల పోతది" అన్నది.

గంతే అన్నది. నీ మీద ఒక్క మాట అనలే. నువ్వు వేరే అనుకోకు.

రెండో ముచ్చట. పిల్లను కొనేటందుకు పోచవ్వ అద్దు, బాపు గావాలె అంటున్నది గంగమణి. నువ్వు గావాల్నట. పెంట మీద పెట్టంగ బతికి ముసలోడైంది మన ఇంట్ల నువ్వొక్కనివే, నీ చెయ్యి వడితె బతుకుతదని ఆమె నమ్మకం. నాక్కూడ గా ఆలోచన రాలే. ఆమెనే తీసింది.

అవ్వ గురించి రాసినవు. నీకు గింత చదువున్నది గని గా సంగతి అర్థంగాలే. నన్ను బిడ్డా అని పిలిచిందంటె నా మీద ఆమెకు భయంలేదు. పోయినా ఓర్సుకుంట అనుకున్నదో ఏమో. నిన్ను పిలువాల్నంటె ఆమెకు పాణం వణికేది. నువ్వు బడికి పోతుంటె దర్వాజ సందుల నుంచి నువ్వు మలుపు తిరిగేదాక చూసేది. నేను చూసిన. నన్ను గట్ల ఎన్నడు చూడలే. సచ్చేటప్పుడు సుత నోరు జారలే, అన్నా. వెంకవ్వ కొడుకనే అన్నది. కొడుకా అంటె నువ్వు ఆమె ఎంబడి పోతవని భయపడ్డది.

నెల నిండుతున్నది. కబురు పెట్టంగనే రా.

మంగవ్వ

ఆర్మూర్,
12 ఫిబ్రవరి 1989.

మంగవ్వకు,

బాగా రాశావు. చిన్నప్పుడు కూడా ఏదైనా పగలగొడితే ఇంత చక్కగానే చెప్పేదానివి, అవ్వ నమ్మేది.

నా బిడ్డ నేను పంపిన బట్టలను పొయ్యిలో వేయదు. ఆ పని చేసింది నువ్వు. చేసి ఆమె పేరు పెట్టావు. ఇప్పుడు నేను వచ్చి, నీ ఊరు ఊరంతా చూస్తుండగా పెంటకుప్ప ఎక్కి, తవుడు పోసి పిల్లను కొనుక్కోవాలట. మంచి వేడుకే. దేవిదాస్‌కు కూడా కబురు పంపు, వాడు రాకపోతే ముచ్చట తీరదు. కాశీరాం ఆఖరికి తన చోటికి తాను వచ్చాడని చెప్పుకుంటారు.

ఒకవేళ ఇది నిజంగా గంగమణి కోరికే అయితే నాకు అర్థమయ్యేది ఒక్కటే. పిల్ల నా ఇంట్లో జ్వరం తెచ్చుకున్నందుకు నాకు వేస్తున్న శిక్ష ఇది. ఇందుప్రభ అని పేరు పెట్టింది నేను. మీ ఆడవాళ్లకు నోరు తిరగని పేరు పెట్టి, ఊరందరినీ పిలిచి, పిల్ల మీద దిష్టి పడేలా చేశానని నువ్వు బావి దగ్గర అన్నావట. నాకు అన్నీ తెలుస్తాయి.

నేను రాను. పోచవ్వనే పిలుచుకోండి. ఉయ్యాలను అటక మీద పెట్టించాను.

అవ్వ గురించి నువ్వు రాసింది నిజమే కావచ్చు. నిజమైనా, అరవై తొమ్మిదేళ్ల వయసులో నేను దాన్ని ఏం చేసుకోవాలి?

కాశీరాం

దొంకేశ్వర్,
27 ఫిబ్రవరి 1989.

అన్నా,

హన్మాండ్లు చేతికి ఇచ్చి పంపుతున్న. ఎనుకటి కోపాలన్ని ఇయ్యాల పక్కకువెట్టు.

నిన్న తెల్లారంగ ఆడపిల్ల పుట్టింది. నర్సమ్మ చేసింది. పిల్ల జర చిన్నగున్నది గని పాణం మంచిగున్నది. గంగమణి మంచిగనే ఉన్నది. గని పిల్లను చూస్తలేదు. నర్సమ్మ ఒడిల ఏస్తె ఎవల పిల్లనో అన్నట్టు పక్కకు జరిగింది. పాలియ్యలే. కొనేదాక నాకు పిల్ల లేదంటున్నది. బాపు రాలేదని పోచవ్వ తవుడు తెస్తె చాట ఎనుకకు నూకింది. పోచవ్వకు చంటిది ఉన్నది, ఆమెనే జర జర పాలిస్తున్నది. ఎన్ని దినాలు ఇస్తది?

బావి కాడ నేను దిష్టి ముచ్చట అన్నమాట నిజం. పిల్ల పోయిన బాధల అన్న. నన్ను తిట్టు, కొట్టు. గా పిల్ల ఏం జేసింది?

హన్మాండ్లు నీ దర్వాజ కాడ నిలవడి ఉంటడు. నువ్వు రాకుంటె ఆడనే ఉండుమన్న.

మంగవ్వ

ఆర్మూర్,
4 మార్చి 1989.

చెల్లె మంగవ్వకు,

ఇల్లు చేరాను. బస్సులో సీటు దొరకలేదు. పసుపు బస్తా మీద కూర్చుని వచ్చాను, పంచె ఇంకా పచ్చగానే ఉంది.

నువ్వు వంటింట్లో ఉన్నావు కనుక జరిగింది నీకు సగమే తెలుసు. మిగతాది రాస్తాను. మనుషులు చెబితే మారిపోతుంది.

పోచవ్వ చాటను కుప్ప మీద పెట్టి పక్కకు తప్పుకుంది. కోళ్లు కెలుకుతున్నాయి. పేడలో ఎండిన పసుపు ఆకు కలిసి వాసన వేస్తోంది. ఆ వాసన నాకు కొత్త కాదనిపించింది, అది నా ఊహే అయి ఉంటుంది. ఊళ్లోవాళ్లు వస్తారనుకున్నాను, నవ్వుతారనుకున్నాను. ఎవరూ రాలేదు. గంగమణి రావద్దని అందరికీ చెప్పిందట. నేను అనవసరంగా ఇన్నాళ్లూ వాళ్లతో మనసులో పోట్లాడాను.

తవుడు పోశాను. పిల్లను ఎత్తుకున్నాను. ఇందుప్రభను మొదటిసారి ఎత్తుకున్నప్పుడు ఉన్నంత బరువు కూడా లేదు. ఏడవలేదు, కళ్లు కూడా తెరవలేదు. గంగమణి దర్వాజాలో గోడ పట్టుకుని నిలబడి ఉంది. మనిషి సగమైంది. పోచవ్వ చెప్పమన్నట్టే చెప్పాను. "నా పిల్లను సాదుతవా?" అన్నాను. "నీ పిల్లను సాదుత" అన్నది. ఏడాదిన్నర తర్వాత నా బిడ్డ నాతో అన్న మొదటి మాట అది. కూలికి కుదిరే మనిషి అన్నట్టు అన్నది.

పోచవ్వ పేరు అడిగింది. బస్సులో వస్తూ రెండు మూడు పేర్లు అనుకున్నాను, అర్థమున్న పేర్లు. నోటికి రాలేదు. పెంటవ్వ అన్నాను. పోచవ్వ కూడా నా మొహం చూసింది.

అప్పుడు గంగమణి పిల్లను తీసుకుని లోపలికి పోయి పాలిచ్చింది. నేను అరుగు మీద కూర్చున్నాను. కొంతసేపటికి దర్వాజా వెనక నుంచి మాట్లాడింది. నువ్వు నామీద కోపం పెట్టుకున్నావని నేను అన్నాను. అప్పుడు ఈ మాట అన్నది. అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"నీ మీద కోపం లేదు బాపూ. నువ్వు మంచి పేరు పెట్టినవు. నాకు గా పేరు పిలుస్తుంటె కడుపు నిండేది. ఊకనే పిలిచేదాన్ని. పిలిచి పిలిచి పోగొట్టుకున్న. గీ పిల్లను పిలువ."

బట్టల సంగతి అడిగితే తానే పొయ్యిలో వేశానని చెప్పింది. బట్టలు కాల్చింది నువ్వు కాదని కూడా అప్పుడే తెలిసింది. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మిగతావి తీసుకోవడం లేదు.

నువ్వు గెలిచావని అనుకోకు. చాట మీద, తవుడు మీద నాకు నమ్మకం లేదు. పిల్లకు పాలు దొరకాలి కనుక వచ్చాను. బడిలో వేసే నాటికి ఆ పేరు నేనే మారుస్తాను, నాకు మౌల్వీ సాబు మార్చినట్టు. టీకాలు మరిచిపోవద్దని హన్మాండ్లుకు చెప్పు.

కాశీరాం

ఆర్మూర్,
5 జూలై 1995.

చెల్లె మంగవ్వకు,

నీ కంటి ఆపరేషన్ అయిందని హన్మాండ్లు చెప్పాడు. ఈ ఉత్తరం చదవగలిగితే నువ్వే చదువుకో. లేకపోతే కట్టు విప్పేదాకా దాచుకో. గంగమణికి మాత్రం ఇవ్వకు.

చదువు కోసం మీరు పంపిన పెంటవ్వ నా దగ్గర కుదురుకుంది. రాత్రిపూట తప్ప మీ ఊరిని తలచుకోదు. కారం తినదు, నా కళ్లద్దాలు పెట్టుకుని పేపరు తిరగేస్తుంది. అటక మీది ఉయ్యాల దించమని గొడవ చేస్తే దించాను. అందులో బొమ్మలను పడుకోబెడుతుంది.

బడిలో చేర్పించాను. నేను అన్న మాట గుర్తుంది కనుక ముందురోజు కూర్చోబెట్టి పేర్లు వినిపించాను. ఒక్కోదానికి అర్థం చెప్పాను. నీకు నచ్చింది తీసుకో, రేపటి నుంచి అదే నీ పేరు అన్నాను. అన్నీ శ్రద్ధగా విని, "నాకద్దు" అన్నది. బడిలో నవ్వుతారే అన్నాను. నవ్వారు కూడా. మొదటి రోజే ఒకడు ముక్కు మూసుకున్నాడు. వాడి ముక్కు మీద పలకతో ఒకటి ఇచ్చి వచ్చింది. టీచరమ్మ నన్ను పిలిపించి తిట్టింది. ఆ తిట్లు నాకు బాధ కలిగించలేదు.

ఇంటికి వచ్చేటప్పుడు దారిలో ఒక మాట ఎత్తింది. మిగతా పిల్లల అవ్వలు గేటు దగ్గర నిలబడి బిడ్డా అని పిలుస్తున్నారట, చూసిందట. చెయ్యి ఊపుకుంటూ మామూలుగానే చెప్పింది. నాకు మాత్రం దారి కనపడలేదు. నడుస్తూనే చెప్పాను. ఆదివారం మీ అవ్వ వస్తుంది కదా, నిన్ను కూడా బిడ్డా అని పిలవమని నేను చెబుతాను అన్నాను. ఈ ఆరేళ్లలో ఎన్నోసార్లు చెప్పాలనుకుని చెప్పని మాట అది.

పిల్ల ఆగిపోయింది. నన్ను వంగమని చెయ్యి పట్టి లాగింది. వంగితే తన అరచెయ్యి నా నోటికి అడ్డం పెట్టింది.

"చెప్పకు తాతా. అవ్వ పిలిస్తె నేను పోత. ఇందక్క గట్లనే పోయింది."

ఎవరు చెప్పారని అడిగాను. ఎవరూ చెప్పలేదట, తనకే తెలుసట. పోయిన చలికాలంలో జ్వరం వచ్చినప్పుడు అవ్వ పక్కనే కూర్చుని నోట్లో కొంగు కుక్కుకుందట. పిలవలేదు కనుకనే తను బతికిందట. నాకు అన్నీ అర్థమయ్యేట్టు నెమ్మదిగా చెప్పింది. తర్వాత బఠానీలు కొనిపించుకుని తింటూ నడిచింది.

గంగమణిని ఆదివారం పంపు, సోమవారం బడి వేళ దాకా ఉండనీ. నేను ఆమెకు ఏమీ చెప్పను. పిల్ల అన్న మాట నువ్వు కూడా చెప్పకు. వచ్చినప్పుడు దర్వాజా సందులో నుంచి చూసుకుంటే చూసుకోనీ. పిల్ల బడికి పోయే దారి నా ఇంటి దర్వాజాలో నుంచి మలుపు దాకా కనబడుతుంది.

పిల్లకు జ్వరం లేదు. రోజూ చూస్తున్నాను.

వెంకవ్వ కొడుకు
పెంటయ్య